డైసీ రాకుమారికి గుణం ఎక్కడి నుంచి వచ్చింది

మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: నింటెండో వారి మారియో ఆటల్లో డైసీ రాకుమారి 1989 నుంచి ఉన్నా ఆమెకు సొంత కథంటూ లేదు, చూడటానికి పీచ్ రాకుమారికి రంగు మార్చిన నకలులా ఉంటుంది, అలాంటి సహాయ పాత్ర పరిణామం మీద యానిమేషన్ కోర్సులో ప్రాజెక్టు రాయడానికి సరిపడా విషయం దొరుకుతుందా. నేను హైదరాబాదులో చాలా ఏళ్ళుగా ఆటల్లోని పాత్రలకు కదలికలు చేస్తున్నాను, కొత్తగా చేరిన పిల్లలకు ఆ పని నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: పీచ్ మీద కంటే డైసీ మీద రాయడానికే ఎక్కువ విషయం ఉంది. పీచ్‌కు కథ ఇచ్చిన వాళ్ళున్నారు. డైసీకి ఎవరూ కథ ఇవ్వలేదు, అయినా ఆమె ఎలాంటి మనిషో ఆట ఆడిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ తెలియడం రచయితల వల్ల కాదు, బొమ్మ గీసినవాళ్ళు, కదలిక చేసినవాళ్ళు, గొంతు ఇచ్చినవాళ్ళ వల్ల జరిగింది. మీ ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలు కావాలని నా అభిప్రాయం.

నేను ఆమెను మొదట చూసింది మలక్‌పేటలోని మా ఇంట్లో. అప్పట్లో మా వీధి పిల్లలందరి దగ్గరా ఉన్నది టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్న క్యాసెట్ పెడితే వచ్చే మారియోలో రాకుమారి ఒక్కతే, ఆమె ఎప్పుడూ ఇంకో కోటలోనే ఉండేది. ఆ రోజుల్లో మా మేనమామ దుబాయ్ నుంచి నింటెండో వారి గేమ్ బాయ్ అనే, చేతిలో పట్టుకుని ఆడే పరికరం తెచ్చాడు. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే ఆ పరికరం తెర వెనుక దీపం ఉండదు కాబట్టి, కరెంటు పోయినప్పుడు చేతిలో ఆట నడుస్తున్నా కళ్ళకు ఏమీ కనిపించదు. నేను కొవ్వొత్తి పక్కన కూర్చుని, వెలుగు తెర మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని ఆడేవాణ్ణి. మొదటి రాజ్యం చివర పెద్ద శత్రువును ఓడించాక తెర కుడివైపు రాకుమారి నిలబడి ఉంది. గోరంత బొమ్మ. మారియో దగ్గరకు వెళ్ళగానే ఆమె వికృతమైన జీవిగా మారిపోయింది. ఇంకో కోటలో వెతుక్కోమని చెప్పడం వేరు, రాకుమారి రూపంలోనే మోసం ఎదురు రావడం వేరు. ఆ రాత్రి నాకు కలిగిన దిగులు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఆట పేరు సూపర్ మారియో ల్యాండ్. 1989 ఏప్రిల్‌లో జపానులో గేమ్ బాయ్‌తో పాటే విడుదలైంది. దాన్ని చేసింది మారియో సృష్టికర్త షిగేరు మియమోటో బృందం కాదు. గేమ్ బాయ్‌ను రూపొందించిన గుంపెయ్ యొకోయి నిర్మాతగా, సతోరు ఒకాడా దర్శకుడిగా మరో విభాగం చేసింది. డైసీ చరిత్రలో తర్వాత జరిగిన చాలా విషయాలకు మూలం ఈ ఒక్క సంగతిలో ఉంది. ఆ బృందం మారియో ఆటల్లో మామూలుగా ఉండే పుట్టగొడుగుల రాజ్యాన్నీ, ప్రతినాయకుడు బౌజర్‌నూ, పీచ్‌నూ వాడుకోకుండా వేరే లోకాన్ని కల్పించింది. అందులో సరసాలాండ్ అనే దేశం, ఈజిప్టును తలపించే బిరబుటో నుంచి చైనాను తలపించే చాయ్ వరకు నాలుగు రాజ్యాలు, వాటిని వశం చేసుకున్న తటంగ అనే గ్రహాంతరవాసి, అతడు ఎత్తుకుపోయిన డైసీ ఉన్నారు. మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోయే జానపద చిత్రాలు చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. సరసాలాండ్ అనే పేరు వింటే మాత్రం నాకు మరొకటి తోస్తుంది. జపాను భాషలో ‘సరసా’ అంటే అద్దకపు నూలుబట్ట. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు ఉన్న మన కోరమాండల్ తీరం నుంచి డచ్చి ఓడల్లో వెళ్ళిన అద్దకపు బట్టలను కూడా అక్కడివాళ్ళు ఆ మాటతోనే పిలిచారు.

ఆ ఆటలో డైసీకి గుణం లేదు, ఉండే వీలూ లేదు. గేమ్ బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. మొత్తం ఆట 64 కిలోబైట్లలో పట్టాలి. అంత ఇరుకులో గౌను, కిరీటం, జుట్టు అనిపించేలా కొన్ని చుక్కలు పెట్టగలిగితే అదే ఎక్కువ. కాబట్టి తొలి డైసీ, తొలి పీచ్ ఒకేలా ఉన్నారన్న మాట నిజమే. ఒకటి గమనించండి. మారియో డైసీని కాపాడటానికి సరసాలాండ్ వెళ్ళిన సమయంలోనే వారియో అనే ప్రత్యర్థి అతని కోటను ఆక్రమించాడన్నది 1992లో వచ్చిన రెండో భాగం కథ. అంటే వారియో పుట్టుకకు డైసీ అపహరణే సందు ఇచ్చింది, కానీ ఆ ఆటలో ఆమె కనిపించదు.

మధ్యలో కాలం త్వరగా గడిచిపోతుంది. 1991లో వచ్చిన గోల్ఫ్ ఆటలో ఆమె మారియో తమ్ముడు లూయీజీకి క్యాడీగా, అంటే గోల్ఫ్ కర్రలు మోసే సహాయకురాలిగా కనిపించింది, పీచ్ మారియోకు క్యాడీ. 1993లో హాలీవుడ్‌లో తీసిన మారియో సినిమాలో కథానాయిక పీచ్ కాదు, డైసీ. సమంతా మాథిస్ నటించిన ఆ పాత్ర న్యూయార్క్‌లో డైనోసార్ శిలాజాల మీద పనిచేసే విద్యార్థిని, ఆమెకు లూయీజీతో అనుబంధం. లూయీజీ పక్కన డైసీని ఊహించుకునే అలవాటుకు ఈ రెండూ బలమిచ్చాయి. తర్వాత ఏళ్ళ తరబడి ఆటల్లో ఆమె ఊసు లేదు.

ఆమెను తిరిగి తెచ్చింది కథ కాదు, టెన్నిస్ కోర్టు. నింటెండో 64 అనే టీవీ గేమ్ పరికరం కోసం క్యామెలాట్ సంస్థ చేసిన మారియో టెన్నిస్ 2000లో వచ్చింది. టెన్నిస్‌లో డబుల్స్ ఉంటుంది కాబట్టి ప్రతి ఒక్కరికీ జోడీ కావాలి. వారియోకు జోడీ లేడని వాలుయీజీ అనే కొత్త పాత్రను పుట్టించింది ఆ ఆటలోనే. పీచ్ పక్కన నిలబడటానికి కొత్తవాళ్ళు అక్కరలేకపోయింది, పాత ఆటలో ఒక రాకుమారి పేరు ఉంది. అదే సంవత్సరం డిసెంబరులో జపానులో వచ్చిన మారియో పార్టీ 3లో పరిమితంగా, 2002లో వచ్చిన మారియో పార్టీ 4లో పూర్తి స్థాయిలో ఆమె ఆడేవాళ్ళ వరుసలో చేరింది. ఖాళీ స్థానం నింపడానికి పిలిచారు కాబట్టి ఆమెకు విలువ లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కథ ఉన్న ఆటలో సహాయ పాత్ర రెండు మాటలు చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆడే వరుసలో నిలబడిన పాత్ర పరుగెత్తాలి, కొట్టాలి, గెలవాలి, ఓడాలి, ఓడినప్పుడు ఎలా ఉంటుందో చూపాలి. ఇన్ని సందర్భాల్లో ఒంటితో స్పందించవలసి వచ్చిన పాత్రకు గుణం రాక తప్పదు.

ఇక 2002 మార్పు గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రాజెక్టుకు ఇదే వెన్నెముక. మారియో టెన్నిస్‌లో డైసీకి వీపు మీదికి జారే పొడవాటి జుట్టు, గోధుమ ఛాయ ఒళ్ళు, పసుపు తెలుపు గౌను ఉండేవి. మారియో పార్టీ 4 నాటికి జుట్టు భుజాల దాకా కత్తిరించారు, అంచులు బయటికి విరిశాయి, ఒంటి ఛాయ తేలికైంది, గౌను మీద నారింజ రంగు చేరింది, ఛాతీ మీద పువ్వు ఆకారపు ఆభరణం వచ్చింది. నేటికీ నిలిచిన రూపం దాదాపు ఇదే. ఒంటి ఛాయ మార్చవలసిన అవసరం ఏమీ లేదని, ఆ మార్పు వల్ల ఆమె పీచ్‌కు ఇంకాస్త దగ్గరైందని నేను బాధపడతాను. జుట్టు విషయంలో మాత్రం గీసినవాళ్ళ చేయి చాలా తెలివైనది.

అది ఎందుకో తెలుసుకోవాలంటే మా దగ్గర కొత్తవాళ్ళతో చేయించే చిన్న పని మీరూ చేయండి. పాత డైసీనీ పీచ్‌నూ పక్కపక్కన పెట్టి, లోపలి రంగులన్నీ తీసేసి నల్లగా నింపండి. గంట ఆకారపు గౌను, నెత్తిన కిరీటం, వీపు మీద జుట్టు, అన్నీ ఒకటే. ఎవరు ఎవరో చెప్పలేరు. ఇప్పుడు 2002 తర్వాతి డైసీని పెట్టండి. భుజాల దగ్గర బయటికి తిరిగిన ఆ రెండు కొసల వల్ల ఒక్క క్షణంలో గుర్తుపడతారు. నలుగురు కలిసి ఆడే ఆటలో టీవీ తెరను నాలుగు ముక్కలు చేస్తారు, ఒక్కొక్కరికి దక్కేది పావు వంతు. ఆ పావు వంతులో, వేగంగా కదులుతున్నప్పుడు, కన్ను ముందు పట్టుకునేది బొమ్మ అంచునే. పొడవు జుట్టు మరో ఇబ్బంది కూడా తెస్తుంది. పాత్ర తిరిగిన ప్రతిసారీ అది గౌనులోకి దూరిపోకుండా చూసుకోవాలి, దానికి వేరే ఎముకలు, అంటే బొమ్మను లోపలి నుంచి కదిలించే కట్టు, కట్టాలి. పొట్టి జుట్టు ఉన్న పాత్రను తల విసిరేలా, వేగంగా వెనక్కి తిరిగేలా ధైర్యంగా కదిలించవచ్చు. జుట్టు కత్తిరించిన తర్వాతే డైసీ దూకుడుగా కదలడం చూస్తాం, ఈ రెండిటికీ సంబంధం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

గొంతు గురించి. 2003లో వచ్చిన కార్ల పందెం ఆట మారియో కార్ట్ డబుల్ డ్యాష్ నుంచి ఇరవై ఏళ్ళ పాటు డైసీకి గొంతు ఇచ్చింది డియానా మస్టర్డ్. పీచ్ గొంతు మెత్తగా, చివర కాస్త ఎగసి ఆగుతుంది. డైసీ గొంతు గరుకుగా, పక్క గదిలోంచి పిలిచినట్టు గట్టిగా వస్తుంది. ఆమెను ఎంచుకోగానే ‘హాయ్, అయామ్ డైసీ’ అని తన పేరు తానే ప్రకటించుకుంటుంది. దాన్ని అభిమానులు ఎంతగా అనుకరించారో మీకు తెలిసే ఉంటుంది. నాకు ఆ మాటలో ఇంకొకటి వినిపిస్తుంది. కథలో తన పేరు పలికేవాళ్ళు లేని పాత్ర తన పేరు తానే చెప్పుకోవలసి వచ్చింది. వాళ్ళు అలా ఆలోచించి రాయకపోయినా, ఆ పాత్రకు అంతకంటే అతికే మొదటి మాట ఉండదు.

కదలిక విషయంలో మీరు తప్పక చూడవలసినవి కెనడాకు చెందిన నెక్స్ట్ లెవెల్ గేమ్స్ చేసిన ఫుట్‌బాల్ ఆటలు, అంటే 2005లో వచ్చిన సూపర్ మారియో స్ట్రైకర్స్, 2007లో వచ్చిన దాని తరువాతి భాగం. గౌను తీసేసి నిక్కరు తొడగడంతో ఆమె కాళ్ళు మనకు బాగా కనిపించాయి. గౌను కింద కాళ్ళు ఏం చేస్తున్నాయో చూపనవసరం లేదు, అందుకే గౌను పాత్రల నడక తేలినట్టుంటుంది. కాళ్ళు కనిపించగానే బరువు ఎక్కడ పడుతోంది, మోకాలు ఎంత వంగుతోంది అన్న ప్రశ్నలు వస్తాయి, వాటికి సమాధానమే గుణం. రెండో ఆటలో డైసీ శక్తిని చూడండి. ఆమె నేలను గుద్దితే చుట్టూ స్ఫటికాలు పైకి లేచి ఎదుటివాళ్ళను ఎగరగొడతాయి. ఆ ఒక్క కదలికను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తే, భుజం వెనక్కి లాగి, నడుము తిప్పి, ఒంటి బరువంతా పిడికిలిలోకి దించడం కనిపిస్తుంది. పీచ్‌కు అలాంటి కదలిక ఇస్తే అది పీచ్ కాదు. ఇద్దరూ గెలిచినప్పుడు కూడా ఈ తేడా కనిపిస్తుంది. పీచ్ తరచుగా మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకుని, అరచేతులు ముఖం వైపు తెచ్చుకుంటుంది. డైసీ పాదాలు ఎడంగా పెట్టి చేయి పైకి విసురుతుంది. ఒకరు సంతోషాన్ని లోపలికి తీసుకుంటారు, మరొకరు బయటికి వదులుతారు.

కార్ట్ ఆటల్లో ఆమె లోకం కొంచెం కొంచెంగా విస్తరించింది. 2003 ఆటలో డైసీ పేరు మీద ఒక ఓడ ఉంది. దాని భోజనశాలలో బల్లలు ఓడ ఊపుకు అటూ ఇటూ జారుతూ కార్లకు అడ్డం వస్తాయి. 2008లో మారియో కార్ట్ వీలో చిన్ననాటి డైసీ కొత్త పాత్రగా వచ్చింది, డైసీ సర్క్యూట్ అనే పందెం దారిలో లూయీజీతో పెద్ద డైసీ నాట్యం చేస్తున్న విగ్రహం వెలిసింది. ఆ విగ్రహం గురించి ఆ ఆటలో ఒక్క వాక్యం చెప్పలేదు. సహాయ పాత్రల చరిత్ర తరచుగా ఇలాగే, దారి పక్కన అలంకరణగా దొరుకుతుంది, కాబట్టి మీరు ఆట దృశ్యాలతో పాటు పరిసరాల చిత్రాలు కూడా సేకరించుకోండి.

నకలు అన్న మీ మాటకు ఇప్పుడు నేరుగా వస్తాను. ఒక పాత్ర ఎముకల కట్టును మరో పాత్రకు వాడుకోవడం మా పనిలో తప్పు కాదు, రోజూ చేసేదే. కొన్నేళ్ళ క్రితం ఒక మొబైల్ ఆట కోసం కథానాయిక చెల్లెలి పాత్రను మూడు వారాల్లో ఇవ్వమని మమ్మల్ని అడిగారు. అక్క మోడల్‌నే తీసుకుని చీర రంగు, జడ మార్చాం, కదలికలన్నీ అక్కవే ఉంచాం. బయటికి వెళ్ళిన తర్వాత ఆ పాత్రను ఎవరూ ఎంచుకోలేదు. తరువాతి మార్పులో నాలుగే నాలుగు కదలికలకు సమయం దొరికింది. ఊరకే నిలబడి ఎదురుచూడటం, పరుగు ఆపడం, గెలవడం, ఓడటం తీసుకున్నాను. చెల్లెలు ఊరకే నిలబడలేదు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, జడ కొసను వెనక్కి విసురుతూ ఉంటుంది. మోడల్‌లో ఒక్క గీత మారలేదు, కానీ చూసినవాళ్ళు ఆమెను వేరే అమ్మాయిగా గుర్తుపట్టారు. 2018లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో డైసీని అధికారికంగానే పీచ్‌కు ‘ప్రతిధ్వని’ పోరాటగత్తెగా పెట్టారు, అంటే దెబ్బలన్నీ దాదాపు పీచ్‌వే. అయినా నిలబడే తీరు, గొంతు, గెలిచిన తీరు వేరు, దెబ్బల వెంట వచ్చే పువ్వులు వేరు. 2001లో ఇదే వరుస ఆటలో ఆమె పోరాటగత్తె కానే కాదు, పీచ్‌కు ఒక పసుపు దుస్తులుగా, సేకరించుకునే ఒక ప్రతిమగా ఉండేది. దుస్తుల స్థాయి నుంచి మనిషి స్థాయికి రావడానికి పదిహేడేళ్ళు పట్టింది.

ఆమెకు అన్యాయం జరిగిన చోట్లు కూడా రాయండి. ప్రధాన సాహస ఆటల తలుపు ఆమెకు చాలాకాలం తెరుచుకోలేదు. పీచ్ 1988లోనే అమెరికా మారియో 2లో గాలిలో తేలుతూ ఆడింది. 2013లో సూపర్ మారియో 3డి వరల్డ్‌లో తరువాత పుట్టిన రోసలీనా అనే మరో పాత్రకు చోటు దొరికింది, డైసీకి దొరకలేదు. 2017 సెప్టెంబరులో ఫోన్ ఆట సూపర్ మారియో రన్‌లో ఆమెను చేర్చి, గాలిలో రెండోసారి ఎగిరే శక్తి ఇచ్చారు. టీవీ తెర మీద ఆడే పెద్ద ఆటలో ఆ అవకాశం 2023 అక్టోబరు 20న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో కలిగింది. అందులో మారియో, లూయీజీ, పీచ్, డైసీ ఒకే వేగంతో పరుగెత్తుతారు, ఒకే ఎత్తు ఎగురుతారు. వీళ్ళలో ఎవరికీ ప్రత్యేక శక్తి లేకపోవడం లోపమని కొందరు రాశారు. డైసీ విషయంలో మాత్రం అది వరమైంది. శక్తిని బట్టి కాక ఇష్టాన్ని బట్టి ఎంచుకునే వీలు కలిగినప్పుడే, ఆమెను ఎంతమంది ఇష్టపడుతున్నారో తెలుస్తుంది. ఆ ఆటలో ఏ రాకుమారినీ ఎవరూ ఎత్తుకుపోరు. పూల రాజ్యానికి అతిథులుగా వెళ్ళినవాళ్ళలో ఇద్దరు రాకుమార్తెలూ ఉంటారు, ఆపద వస్తే ఇద్దరూ పరుగెత్తుతారు. డియానా మస్టర్డ్ స్థానంలో కొత్త గొంతు వచ్చింది కూడా ఈ ఆటలోనే.

మా అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్ళు. సెలవుల్లో మా ఇంటికి వచ్చి వండర్ ఆడుతూ డైసీని ఎంచుకుంది. ఏనుగు రూపం వచ్చే పండు తిని, పసుపు గౌను ఏనుగుగా మారిన డైసీ తొండంతో శత్రువులను కొట్టుకుంటూ పోతుంటే, “ఈమె ఎవరు బాబాయ్?” అని అడిగింది. గేమ్ బాయ్‌లో దయ్యంలా మారిపోయిన రాకుమారి అని చెప్పాను. ఆమె నమ్మలేదు. అలమారాలోంచి పాత పరికరం తీసి, సెల్లులు వేసి, కిటికీ దగ్గర వెలుతురులో మొదటి రాజ్యం చివర దాకా ఆడి చూపించాను. ఆ పిల్ల తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసి, “జుట్టు ఇలా లేదు కదా” అంది.

మీ ప్రాజెక్టుకు నా సలహా ఇది. 1989, 2000, 2002, 2005, 2023 నాటి డైసీ బొమ్మలు ఐదూ తీసుకుని ముందు నల్లగా నింపి చూడండి, తర్వాత ఒక్కొక్క ఆటలో ఆమె గెలిచిన, ఓడిన, ఊరకే నిలబడిన కదలికలను పన్నెండేసి ఫ్రేములుగా గీయండి. పీచ్‌వి కూడా పక్కనే గీయండి, లేకపోతే తేడా కంటికి ఆనదు. సంభాషణల కోసం వెతకవద్దు, దొరకవు. కథ నడిచే పెద్ద మారియో ఆటలేవీ సరసాలాండ్‌కు తిరిగి వెళ్ళలేదు కాబట్టి ఆమె రాజ్యం గురించి రాయడానికి 1989 నాటి ఆ ఆటలోని పన్నెండు అంచెలే ఉన్నాయి, వాటిని ఒక పేజీలో ముగించండి. మీరు గీసిన ఫ్రేములు ఇక్కడ పెడితే, భుజాలు, పాదాలు ఎక్కడ తప్పాయో చూసి చెబుతాను.